పరదా లోపలి చాప

తస్లీమ్‌కు ఆ రోజు కూడా రోలే మిగిలింది.

పరదా లోపలికి మాబున్ని పోయింది. వచ్చిన ఆడమనిషి ఎవరో, ఆమె బాధేమిటో తస్లీమ్‌కు తెలియలేదు. పచ్చ పరదా ఒకసారి ఊగి ఆగిపోయింది. లోపల చాప మీద మనుషులు సర్దుకుని కూర్చున్న చప్పుడు. కొంతసేపు గుసగుసలు. ఆ తర్వాత మాబున్ని నవ్వు, దానికి జతగా ఆ కొత్త మనిషి నవ్వు.

బాధపడుతూ వచ్చిన మనిషి దగ్గర ఈ నవ్వులేమిటి, అనుకుంది తస్లీమ్. రోకలి ఎత్తి గట్టిగా వేసింది. సోంపు గింజలు ఎగిరి అరుగు మీద చెల్లాచెదురుగా పడ్డాయి.

"మేయ్, ఆ గింజలు నీకేం అపకారం చేసినాయి?" అంది జులేఖా బీ. ఆమె గోడకానుకుని, కళ్ళు మూసుకుని తస్బీ పూసలు తిప్పుతోంది.

"ఏం లేదు అమ్మాజాన్. చెయ్యి జారింది."

"అయితే ఏరుకో."

తస్లీమ్ ఒక్కో గింజా ఏరుకుంది. చేతులే అక్కడున్నాయి. చెవులు పరదా దగ్గరే ఉండిపోయాయి.

పెన్నేటి గట్టు మీద చిన్న దర్గా అది. దాన్ని ఆనుకుని ఉన్న పెంకుటింట్లో జులేఖా బీ వైద్యం చేస్తుంది. తండ్రి దగ్గర యునానీ నేర్చుకుంది, ఆ దర్గా గురువైన పీరు దగ్గర మురీదుగా, అంటే శిష్యురాలిగా చేరి తస్బీ పట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు ఆమె హకీమమ్మ. తురకలా, కాపులా, మాలలా అని లేదు, ఆడవాళ్ళందరూ అక్కడికే వస్తారు. ముఖ్యంగా నలుగురిలో నోరు తెరిచి చెప్పుకోలేని బాధలున్నవాళ్ళు.

అలాంటి వాళ్ళ కోసం ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పరదా లోపల ఒక ఈతచాప పరిచి ఉంటుంది. అడిగే మనిషి ముందుగానే పోయి గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. వచ్చిన మనిషి ఆమె వీపుకు వీపు ఆనించి ఇటు తిరిగి కూర్చుంటుంది. ఒకరి మొహం ఒకరికి కనపడదు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే, కింద మంటగా ఉంది, కాపురం చెయ్యలేకపోతున్నాను అని ఏ ఆడది చెబుతుంది? వీపు ఆనితే చెబుతుంది. అడిగే మనిషికి కూడా అవతలామె ఊపిరి తెలుస్తుంది. ఏ మాట దగ్గర బిగబట్టిందో, ఏ మాట దగ్గర వదిలిందో వీపు చెప్పేస్తుంది. చూడాల్సిందీ తాకాల్సిందీ ఏమన్నా ఉంటే ఆ తర్వాతే.

జులేఖా బీ కళ్ళలో పొర వచ్చింది. నడుము కూడా వంగింది. ఇప్పుడు ఆ చాప మీద శిష్యురాళ్ళను కూర్చోబెడుతోంది. ఈసారి దర్గా పండగ ఉర్సులో ఒకరికి ఇజాజత్ ఇస్తానని చెప్పింది. ఇజాజత్ అంటే, నా పేరు మీద నువ్వు వైద్యం చెయ్యొచ్చు అని గురువు నలుగురి ముందూ ఇచ్చే అనుమతి. అది వస్తే ఇక ఆ ఇల్లు, ఆ చాప, ఆ పేరు వాళ్ళవే.

తస్లీమ్ ముందొచ్చింది. తండ్రి అరబ్బీ నేర్పే మౌల్వీ సాబు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని వైద్య గ్రంథాలు చదివింది. ఏ జబ్బుకైనా అరబ్బీలో పేరు, ఫారసీలో పేరు, అది ఎన్ని రకాలుగా ఉంటుందో అన్నీ నోటికొస్తాయి. తెల్లవారకముందే లేస్తుంది. సీసాలు తుడిచి వరసగా పెడుతుంది. ఆమె కట్టిన పొట్లం ఎక్కడా విప్పుకోదు.

మాబున్ని తర్వాతొచ్చింది. తస్లీమ్‌ను ఆపా, అంటే అక్క, అని పిలుస్తుంది. నూనె మిల్లు వాళ్ళమ్మాయి. టౌన్లో హైస్కూలు దాకా చదివింది. లేచేసరికి ఎండెక్కుతుంది. ఒక్క పేరూ నోట్లో నిలవదు. 'ఆ దురద జబ్బు లేదూ', 'ఆ తెల్లబట్ట అయ్యేది' అంటుంది. వచ్చిన యేడాదే గులాబీ అర్కు సీసా పగలగొట్టి, "పోనీలే ఆపా, ఇల్లంతా వాసనొచ్చింది" అని నవ్వింది. పగలగొట్టినందుకు జులేఖా బీ కోప్పడలేదు. తస్లీమ్‌కు అది ఇప్పటికీ గుర్తే.

అలాంటివి ఆమెకు చాలా గుర్తున్నాయి. మాబున్నికి జ్వరమొస్తే అమ్మాజాన్ తన శాలువా తీసి కప్పింది. తనకు జ్వరమొచ్చినప్పుడు కషాయం ఇచ్చింది. మాబున్నిని 'బిడ్డా' అని పిలుస్తుంది. తనను 'తస్లీమ్' అని పిలుస్తుంది. రొట్టెలు కాల్చినప్పుడు మొదటి రొట్టె ఎవరి పళ్ళెంలో పడిందో కూడా చూసేది. చూడకూడదు అనుకుంటూనే చూసేది.

ఆ సాయంత్రం అలవాటు ప్రకారం తస్లీమ్ గ్రంథం చదివి వినిపిస్తోంది. ఆడవాళ్ళ జబ్బుల అధ్యాయం. చదువుతూ మధ్యలో ఆపేసింది.

"అమ్మాజాన్, ఒక మాట అడగొచ్చా?"

"అడుగు."

"ఇందులో ఉన్న ప్రతి పేరూ నాకొచ్చు. దురద ఒకటే ఉంటే హిక్కతుల్ ఫర్జ్. దాంతోపాటు ఎర్రబడి వాచి మంటపెడితే ఇల్తిహాబె ఫర్జ్. మాబున్నికి ఈ రెండిట్లో ఒక్కటన్నా వస్తుందా? పేరే తెలియని మనిషి చాప మీద కూర్చుంటాంది. నేను రోలు కాడ కూర్చుంటాండా."

జులేఖా బీ తస్బీ పూస ఒకటి జరిపింది. "నీకు ఎట్లుంది మరి?"

"నాకేం లేదు. రష్క్, అంతే."

ఆ మాట తస్లీమ్ ఆలోచించే వాడింది. ఎదుటివాళ్ళకున్న మంచి తనకూ ఉంటే బాగుండుననుకోవడం రష్క్. అందులో తప్పు లేదని పెద్దలే రాశారు. ఎదుటివాళ్ళ దగ్గర అది లేకుండా పోతే బాగుండుననుకోవడం హసద్. అది పాపం.

"హసద్ కాదు గదా?"

"కాదు అమ్మాజాన్."

"బాగా చదువుకున్నావు," అంది జులేఖా బీ. మెచ్చుకుందో, ఇంకేమన్నా అందో తస్లీమ్‌కు అర్థం కాలేదు. "రేపు చాప మీద నువ్వు కూర్చో. రోలు మాబున్నికి ఇద్దాం."

మర్నాడు పొద్దున్నే తస్లీమ్ తలస్నానం చేసి, ఉతికిన దుపట్టా వేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది. చాప తానే దులిపి పరుచుకుంది.

మొదట వచ్చింది ఓబులమ్మ. ఏటి అవతలి ఊరు. శనక్కాయ చేలల్లో కూలికి పోతుంది. చెప్పులు బయట విడిచి, బెరుకుబెరుగ్గా వచ్చి వీపు ఆనించింది. ఎండకు కాలిన వీపు వెచ్చగా తగిలింది.

"ఏం బాధమ్మా?" అంది తస్లీమ్.

ఓబులమ్మ చాప మీద సర్దుకుని కూర్చుంది. తర్వాత, "బాగలేదు తల్లీ," అంది.

"ఏం బాగలేదు?"

"కింద."

అదే సమయంలో బయట రోటి చప్పుడు ఆగిపోయింది. మాబున్ని వింటోంది, అనుకుంది తస్లీమ్. ఆ సంగతి తట్టగానే నడుము నిటారైంది. వీపు ఓబులమ్మ వీపును వదిలి కాస్త ముందుకొచ్చింది.

"దురదా, మంటా?"

"రెండూ. ముందు దురదే. గోకి గోకి ఇప్పుడు మంట. ఉచ్చకు పోతే కారం చల్లినట్టుంటాది. వాచిపోయింది కూడా. మా ఆయన..."

తస్లీమ్ గొంతు పెంచింది. పరదా దాటి, అరుగు దాటి, రోలు దాకా వినపడేలా పెంచింది. "దీన్ని హిక్కతుల్ ఫర్జ్ అంటారు. వాపూ ఎరుపూ కూడా ఉన్నాయి కాబట్టి ఇల్తిహాబె ఫర్జ్‌లోకి దిగింది. గ్రంథంలో ఇది స్పష్టంగా ఉంది."

ఓబులమ్మ బిగుసుకుపోయింది. "అంత పెద్ద రోగమా తల్లీ?"

"భయం లేదు. లేపనం ఇస్తా. పొద్దున, సాయంత్రం చల్లటి నీళ్ళతో కడుక్కుని పుయ్యాలి. కారం తగ్గించు. మెత్తటి నూలుబట్ట కట్టుకో."

"అది కాదమ్మా. రాత్రిళ్ళు ఊరికూరికే..."

"రాత్రి దురద ఎక్కువవుతుంది. అది ఆ జబ్బు లక్షణమే. తగ్గుతుంది."

ఓబులమ్మ లేచింది. కట్టిన పొట్లం కొంగున ముడేసుకుని, కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

తస్లీమ్ బయటికొచ్చింది. మాబున్ని రోకలి పట్టుకుని, నోరు తెరుచుకుని చూస్తోంది.

"భలే చెప్పినావు ఆపా! ఆ పేర్లన్నీ యాడ దాచిపెట్టుకుంటావు తల్లో?"

వెక్కిరిస్తోంది, అనుకుంది తస్లీమ్. అమ్మాజాన్ వైపు చూసింది. జులేఖా బీ కళ్ళు మూసుకునే ఉంది. మంచిదనలేదు. తప్పనలేదు.

ఆ తర్వాత ఒకరోజు మాబున్ని కూర్చునేది, ఒకరోజు తస్లీమ్ కూర్చునేది. తస్లీమ్ దగ్గరికొచ్చిన వాళ్ళు తొందరగా బయటికొచ్చేవాళ్ళు. మాబున్ని దగ్గరికొచ్చిన వాళ్ళు ఎంతకీ వచ్చేవాళ్ళు కాదు. పనికిమాలిన కబుర్లు చెప్పించుకుంటుంది, అనుకునేది తస్లీమ్. పెళ్ళిళ్ళు, అత్తల కయ్యాలు, బర్రె ఈనిందా, బస్సు దొరికిందా, ఇవా అడిగేది? అనుకుంటూనే, లోపల ఏం జరుగుతోందోనని దంచడం ఆపి వినేది. వినలేక మళ్ళీ దంచేది.

ఉర్సు దగ్గరపడింది. దర్గాకు సున్నం వేశారు. అప్పుడొచ్చింది ఓబులమ్మ మళ్ళీ.

ఆ రోజు చాప మాబున్నిది. తస్లీమ్ అరుగు మీద ఆకులు ఏరుతోంది. ఓబులమ్మ మెట్లెక్కి ఆమెను దాటి లోపలికి పోయింది. మనిషి సగమైంది. మొహం పీక్కుపోయింది. తస్లీమ్ ఆమెను చూసి, వెంటనే తల దించుకుంది.

తల దించుకున్నందుకే కనపడింది. అప్పుడే అలికిన నేల మీద ఎర్రటి మరక. మెట్టు దగ్గర ఒకటి, గడప దగ్గర ఒకటి. ఒక్క కాలివే.

పిలవాలి. కాలికేమైందమ్మా అని అడగాలి. తస్లీమ్ నోటి దాకా వచ్చింది. కానీ అప్పటికే పరదా ఊగి ఆగింది. ఆమె ఇప్పుడు మాబున్ని మనిషి. మాబున్నే కనుక్కోనీ, చూద్దాం, అనుకుంది. కనుక్కోకపోతే బాగుండునని కూడా అనుకుంది. అలా అనుకున్నట్టు తనకు తెలిసింది. తెలిసినా కదల్లేదు.

లోపల నుంచి మాటలు వినపడుతున్నాయి.

"ఆ లేపనం పూస్తే తగ్గింది తల్లీ. మానేస్తే మళ్ళీ వచ్చింది. పూస్తే తగ్గింది. మళ్ళీ వచ్చింది. సిగ్గుచేటుగా ఉంది."

"ఊఁ. ఇంకా?"

"రాత్రి నిద్దర ఉండదు."

"దురదకా?"

"దురదకు కాదు. ఉచ్చకు లేస్తా. వస్తా, కడవలో నీళ్ళు తాగుతా. మళ్ళీ లేస్తా. మా అత్త తిడతాది, కడవ ఖాళీ చేస్తాండావని."

"పగలు కూడా దప్పికేనా?"

"నాలిక పిడచకట్టుకపోతాది. తింటానే ఉంటా, చిక్కిపోతానే ఉండా. మా పెరట్లో నేను పోసిన కాడ చీమలు పడతాండాయి. మా ఆయన చూసి నవ్వినాడు."

మాబున్ని ఈసారి నవ్వలేదు. "అమ్మాజాన్!" అని పిలిచింది. ఆ గొంతు తస్లీమ్ ఎప్పుడూ వినలేదు.

జులేఖా బీ లేచి, తడుముకుంటూ లోపలికి పోయింది. తస్లీమ్ కూడా పోయింది. ఓబులమ్మ కాళ్ళు చాపి కూర్చుని ఉంది. ఎడమ అరికాల్లో తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. చుట్టూ వాచి నల్లబడింది. నడిచినప్పుడల్లా నెత్తురు కారుతోంది.

"ముల్లు ఎప్పుడు గుచ్చుకుందమ్మా?" అంది జులేఖా బీ, వేళ్ళతో తడిమి చూసి.

"ముల్లా? యాడుంది?"

జులేఖా బీ దుపట్టా కొంగు సన్నగా మెలిపెట్టి, ఆమె బొటనవేలి కింద రాసింది. "కళ్ళు మూసుకో. తెలుస్తాందా?"

"ఏంది?" అంది ఓబులమ్మ.

తస్లీమ్‌కు ఆ పేర్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. జయాబీతస్ శకరీ, మూత్రంలో తీపి పోయే జబ్బు. ఖదర్, మొద్దుబారడం. ఆ జబ్బు ముదిరితే ఆడవాళ్ళకు కింద దురద, వాపు వస్తాయని, ఎంత పూసినా మళ్ళీ మళ్ళీ వస్తాయని తాను చదివిన పేజీ కూడా కళ్ళ ముందుకొచ్చింది. అదే అధ్యాయంలో, అడుగున.

"టౌన్లో పెద్దాసుపత్రికి పోవాల," అంది జులేఖా బీ. "ఇప్పుడే. ఇది నా చేతిలో లేదు. తస్లీమ్, నువ్వు తోడు పో."

బస్సులో కిటికీ పక్కన ఓబులమ్మను కూర్చోబెట్టింది తస్లీమ్. ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుంది, గుడ్డ చుట్టి. ఓబులమ్మ మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఓపిక లేక ఒప్పుకుంది.

చాలా దూరం పోయాక తస్లీమ్ అడిగింది. అడక్కుండా ఉండలేకపోయింది.

"ఇవన్నీ ఆ రోజు నాకేంటికి చెప్పలేదమ్మా? ఆ పిల్లకైతే చెప్పినావు."

ఓబులమ్మ ఆశ్చర్యంగా చూసింది. "చెప్పబోతి గదా తల్లీ. నువ్వు ఆ పేరు చెప్పినావు. అంత పెద్ద పేరు చెప్పినాక, నేను ఇంకేం చెప్పేది? అంతా నీకు తెలిసిపోయిందనుకుంటి."

తస్లీమ్ కిటికీ బయటికి చూసింది.

"ఆసుపత్రిలో ఎన్నాళ్ళు పెట్టుకుంటారు?" అంది ఓబులమ్మ. "నా పిల్లోళ్ళు ఇద్దరూ ఆ టౌన్లోనే హాస్టల్లో ఉండారు. పరీక్షలు. నేనొచ్చినట్టు వాళ్ళకు తెలియనియ్యొద్దు. భయపడతారు. అందుకే ఇన్నాళ్ళూ ఓర్చుకున్నా, పరీక్షలైపోనీలే అని."

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ రక్తం తీయించింది. ఫలితం చూసి తల ఆడించింది. ముల్లు తీసి, చచ్చిన కండ కోసి, కట్టు కట్టింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టింది.

"కాలు దక్కుతుంది," అంది తస్లీమ్‌తో. "ఇంకొన్నాళ్ళు చూసుకోకుండా తిరిగుంటే చెప్పలేకపోయేదాన్ని. కింద ఇన్‌ఫెక్షన్‌కు లేపనం ఎవరిచ్చారు?"

"నేనే."

"లేపనం చెడ్డది కాదు. కానీ రక్తంలో షుగరు అంత ఉండగా పైన ఎంత పూసినా ఏం లాభం? చల్లబడుతుంది, మళ్ళీ వస్తుంది. షుగరు దించాలి. దాంతోపాటు దీనికి మందు వాడాలి."

తస్లీమ్ అక్కడే ఉండిపోయింది. ఓబులమ్మకు మంచినీళ్ళు అందించింది. కట్టు మార్చేటప్పుడు పట్టుకుంది. ఆమె పడుకున్నాక వరండాలో కూర్చునేది. కూర్చుంటే సిగ్గేసేది. సిగ్గు వెనకాలే ఇంకొకటి వచ్చేది. మాబున్ని కనిపెట్టింది. ఇంత జరిగాక, తన తప్పుకు కుమిలిపోవాల్సిన చోట కూడా, మాబున్ని కనిపెట్టిందే అన్నదే ఎక్కువ గుచ్చుకునేది.

ఓబులమ్మ భర్త వచ్చి పక్కన ఉన్నాక, తస్లీమ్ ఉర్సు రోజుకు తిరిగొచ్చింది.

దర్గాలో సమాధికి పూలచాదర్ కప్పారు. ఫాతెహా ప్రార్థన అయింది. చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా దర్గా ముందు కూర్చున్నారు. జులేఖా బీ తన తండ్రి ఆకుపచ్చ తలగుడ్డ తెప్పించి, మాబున్ని తలకు తానే చుట్టింది. "ఈ రోజు నుంచి నా మాట ఈమె మాట," అంది. పేదా సాదా ఆడవాళ్ళంతా వచ్చి మాబున్ని చేతులు కళ్ళకద్దుకున్నారు. మాబున్ని ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. తలగుడ్డ జారిపోతుంటే పట్టుకుంది.

తస్లీమ్ పోయి ముబారక్ చెప్పింది. కౌగిలించుకుంది కూడా. చెయ్యాల్సినవన్నీ సక్రమంగా చేసింది.

మర్నాడు పొద్దున బట్టలు మూటకట్టుకుని జులేఖా బీ ముందు నిలబడింది.

"నేను ఊరికి పోతా అమ్మాజాన్."

"ఏంటికి?"

"నాకు బాగలేదు."

"ఏం బాగలేదు?"

తస్లీమ్ నేల చూపులు చూసింది. "నిద్ర లేదు. ముద్ద దిగడం లేదు. లోపల..." ఆగిపోయింది. "ఏదన్నా మందివ్వండి. తీసుకుని పోతా."

"నేను నాడి పట్టేది నిన్నటితో మానుకుంటి," అంది జులేఖా బీ. "ఈ ఇంటి హకీమ్ ఎవరిప్పుడు?"

తస్లీమ్ మొహంలో రంగు మారింది. "ఆమె కాడికా?"

"మందు కావాలంటివి గదా."

"ఇంకెవరి కాడికన్నా పోతా. మా ఊళ్ళో ఉండారు హకీములు."

"పో. ఆ ఊళ్ళో కూడా ఒక మాబున్ని ఉంటుంది."

అలా అని జులేఖా బీ గోడ పట్టుకుని లేచింది. మెల్లగా అరుగు దిగి, రోలు ముందు చతికిలబడింది. వంగిన నడుముతో రోకలి ఎత్తింది. చూపు ఆనక రోటి అంచు మీద కొట్టింది. మళ్ళీ ఎత్తింది. ఈసారి రోట్లో పడింది.

తస్లీమ్ చూస్తూ నిలబడింది. మూట కింద పెట్టింది. "అమ్మాజాన్, నేను దంచుతా, ఇటివ్వండి," అంది.

"ఇది నా పని. నీ పని లోపల ఉంది."

మాబున్ని అప్పటికే చాప మీద ఉంది. గోడ వైపు తిరిగి, కొత్త తలగుడ్డ సరిగ్గా చుట్టుకోవడం రాక, వంకరగా చుట్టుకుని కూర్చుంది. పరదా కదిలిన చప్పుడు విని, "రామ్మా, కూర్చో," అంది.

తస్లీమ్ కూర్చుంది. వీపు ఆనించింది.

"ఏం బాధమ్మా?"

ఎన్ని పేర్లు లేవు! రష్క్ ఉంది. హసద్ ఉంది. పెద్దలు వాటికి చేసిన విభాగాలున్నాయి. వాటి కారణాలున్నాయి, లక్షణాలున్నాయి. అన్నీ వరసగా నాలుక మీదికొచ్చాయి. ఏ ఒక్కటి పలికినా మాబున్ని, "అట్లనా" అంటుంది, అక్కడితో అయిపోతుంది. లేచి బయటికి పోవచ్చు.

తస్లీమ్ ఊపిరి బిగబట్టింది. అవతలి వీపుకు అది తెలుస్తుందని ఆమెకు తెలుసు.

"మండుతాంది," అంది.

మాబున్ని వీపు ఒక్కసారిగా గట్టిపడింది. గొంతు గుర్తుపట్టింది. కానీ తల తిప్పలేదు. ఆపా అని కూడా అనలేదు. అందరినీ అడిగినట్టే అడిగింది.

"యాడమ్మా?"

"లోపల. గుండె కింద."

"ఎప్పట్నుంచి?"

బయట రోకలి ఒకసారి రోట్లో, ఒకసారి అంచు మీద పడుతోంది.

"నువ్వు వచ్చినప్పట్నుంచి," అంది తస్లీమ్.

ఇక ఆ వీపు జరిగిపోతుందనుకుంది. జరగాలని కూడా అనుకుంది. జరిగితే లేచి, మూట తీసుకుని, మధ్యాహ్నం బస్సుకు పోవచ్చు.

వీపు జరగలేదు. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఇంకొంచెం బరువుగా ఆనింది.

"ఇంకా?" అంది మాబున్ని.